పెద్ద కెమెరా భుజాన, చిన్న కెమెరా జేబులో: రెండింటినీ కలిపి వాడుకోవడం ఎలా

నా కాంపాక్ట్ కెమెరా మొదటి ఏడాదంతా బ్యాగు అడుగునే ఉండిపోయింది. పెద్ద కెమెరా ఎప్పుడైనా మొరాయిస్తే అక్కరకొస్తుందని కొన్నాను. పెద్దది మొరాయించలేదు, చిన్నది బయటికి రాలేదు. ఒకరోజు తెల్లవారకముందే నీటి ఒడ్డున ట్రైపాడ్ వేసి పెద్ద కెమెరాలో నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్, అంటే అంతసేపూ షటర్ తెరిచే ఉంచి తీసే ఫొటో, మొదలుపెట్టాను. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంది, అంటే ఫొటో అయ్యాక కెమెరా షటర్ మూసుకుని మళ్లీ అంతసేపూ, ఇంకో నాలుగు నిమిషాలు, ఫొటోలో పడిన చుక్కల్ని (నాయిస్) తీసేయడానికి ఒక నల్ల ఫ్రేము తీసుకుంటుంది. ఆ ఎనిమిది నిమిషాల్లోనే మబ్బు విడి వెలుగు పడింది, ఆ వెలుగులోకి ఒక పడవ వచ్చింది, ఎదురుగా కెమెరా ఉండి కూడా నేను దాన్ని ముట్టుకోలేను. బ్యాగులో చెయ్యి పెట్టి కాంపాక్ట్ తీశాను. ఆ రోజు తీసినవాటిలో నేను ఇప్పటికీ దాచుకున్న ఫొటో అదే.

అందుకే ముందుగా ఒక మాట. కాంపాక్ట్‌ని స్టెప్నీలా చూడకండి. పెద్ద కెమెరా అసలు చేయలేని పనో, చేసినా ఆలస్యంగా చేసే పనో ఏదో ఒకటి దానికి సొంతంగా అప్పజెప్పండి. ఇక కింద చెప్పేదంతా ఆ పని ఎలా అప్పజెప్పాలి, ఆ తర్వాత రెండు కెమెరాల ఫొటోలు ఒకే చోట ఎలా కలపాలి అన్నదే.

మొదటి అడుగు: ఎవరి పని ఏమిటో ఇంట్లోనే తేల్చుకోండి

రెండు కెమెరాలూ ఒకే దూరాన్ని, ఒకే వెడల్పును చూస్తుంటే రెండోది ఎప్పటికీ బయటికి రాదు. పెద్దదానికి 24-70 ఎంఎం జూమ్ (ఈ అంకె చిన్నదైతే వెడల్పు, పెద్దదైతే దూరం) తగిలించి, జేబులో 28-100 కాంపాక్ట్ పెట్టుకుంటే, ఏది తీయాలా అని ఆలోచించేలోపే ఎదురుగా ఉన్నది కాస్తా అయిపోతుంది. పెద్దదానికి 85 ఎంఎం గానీ 70-200 గానీ పెట్టేసి, వెడల్పు ఫొటోలన్నీ కాంపాక్ట్‌కి వదిలేయండి. అప్పుడు దూరంగా ఉన్న ముఖం పెద్దదానిది, ఆ ముఖం చుట్టూ ఉన్న గది చిన్నదానిది. లెన్స్ మార్చే పని తప్పుతుంది, లెన్స్ మార్చేటప్పుడు సెన్సర్ (వెలుగుని ఫొటోగా పట్టే చిప్పు) మీద పడే దుమ్మూ తప్పుతుంది. తిరగేసి కూడా చేయొచ్చు, పెద్దదానికి మంచి వైడ్ లెన్స్ పెట్టి, దూరానికి జూమ్ ఎక్కువున్న కాంపాక్ట్. కాకపోతే జూమ్ పొడవుగా ఉన్న కాంపాక్టుల్లో చాలావరకు సెన్సర్ బాగా చిన్నది, సాయంత్రమయ్యేసరికి అవి చేతులెత్తేస్తాయి, కాబట్టి నేను మొదటి పద్ధతికే ఓటు వేస్తాను.

ఇంకా కాంపాక్ట్ కొనని వాళ్లయితే మూడు విషయాలు చూడండి: రా ఫైలు (సెన్సర్ చూసింది చూసినట్టే దాచే ఫైలు) ఇవ్వాలి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచి తగ్గించే సెట్టింగ్) ఒక్క వేలితో మారాలి, నిజంగా మీ జేబులో పట్టాలి. 2012లో సోనీ ఆర్ఎక్స్100 ఒక అంగుళం రకం సెన్సర్‌ని సుమారు 240 గ్రాముల బాడీలో పెట్టి చూపించాక ఈ మూడూ ఒక్కచోట దొరకడం తేలికైంది. 2019లో వచ్చిన రికో జీఆర్ 3 అయితే దాదాపు అంతే బరువులో, ఇంకా చాలా పెద్దదైన ఏపీఎస్-సీ సెన్సర్ పెట్టింది, జూమ్ లేదు, 28 ఎంఎం ఒక్కటే. 40 ఎంఎం కావాలనుకునేవాళ్లకు 2021లో జీఆర్ 3ఎక్స్ వచ్చింది. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 వరుస కెమెరాలు నాకు చాలా ఇష్టం, కానీ వాటిలో కొత్తదైన ఎక్స్100-6 అర కిలో దాటుతుంది, అది కోటు జేబు కెమెరా, ప్యాంటు జేబు కెమెరా కాదు.

ఫోన్ ఉండగా ఇదెందుకని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఫోన్ ఫొటోని తీసిన క్షణంలోనే తన పద్ధతిలో వండేస్తుంది, నీడలు ఎత్తి, ఆకాశం దించి, అంచులు పదును పెట్టి. ఆ ఫొటోని పెద్ద కెమెరా ఫొటో పక్కన పెడితే అతుకు కనిపిస్తుంది. కాంపాక్ట్ రా ఫైల్లో ఆ ఇబ్బంది చాలా తక్కువ. పైగా చాలావాటిలో నిజమైన ఫ్లాష్, చేతికి తాడు, వేలికి అసలైన బటన్. కాంపాక్ట్ కొనే ఉద్దేశం లేకపోతే ఈ మార్గదర్శిలో సగానికి పైగా ఫోన్‌కీ పనికొస్తుంది, రా తీసే యాప్ ఒకటి పెట్టుకోండి.

రెండో అడుగు: సెన్సర్ లెక్క ఒక్కసారి అర్థం చేసుకోండి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, దీని మీదే మిగతా అంతా నిలబడుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, అంటే పాత 35 ఎంఎం ఫిల్ము ఫ్రేము సైజుది, 36×24 మిల్లీమీటర్లు. ఒక అంగుళం రకం సెన్సర్, పేరులో అంగుళం ఉన్నా, నిజానికి 13.2×8.8 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కేస్తే ఫుల్ ఫ్రేమ్ దానికి ఏడు రెట్లకు పైనే, అంటే దాదాపు మూడు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు). ఒకే కాలం నాటి సెన్సర్లయితే కాంపాక్ట్‌లో ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగ్) 800 దగ్గర కనిపించే గింజ, అంటే నాయిస్, ఫుల్ ఫ్రేమ్‌లో 6400 దగ్గర కనిపించే గింజకి దగ్గరగా ఉంటుంది.

చూసి నిరుత్సాహపడకండి, ఈ లెక్కలో లెన్స్ ఇంకా రాలేదు. మీ పెద్ద కెమెరా ఏపీఎస్-సీ అయి, దానితో వచ్చిన ఎఫ్ 3.5-5.6 కిట్ లెన్సే మీ దగ్గర ఉందనుకోండి (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది). ఏపీఎస్-సీ వైశాల్యం ఒక అంగుళం రకానికి సుమారు మూడు రెట్లు, ఒకటిన్నర స్టాపు కంటే కొంచెం ఎక్కువ లాభం. కానీ కాంపాక్ట్ లెన్స్ వెడల్పు వైపు ఎఫ్ 1.8 అయితే, ఎఫ్ 3.5 కంటే దాదాపు రెండు స్టాపులు ఎక్కువ వెలుగు తీసుకుంటుంది. అంటే మసక వెలుతురు గదిలో, జూమ్ చేయకుండా వాడితే, జేబులోది భుజానిదాన్ని అందుకుంటుంది. ఈ లెక్క తెలియక ఎంతోమంది చీకటి పడగానే కాంపాక్ట్‌ని లోపల పెట్టేస్తారు. జూమ్ మాత్రం చేయొద్దు, చాలా కాంపాక్టుల్లో కొంచెం జూమ్ చేయగానే ఆ ఎఫ్ 1.8 కాస్తా ఎఫ్ 2.8కో ఇంకా పైకో జారిపోతుంది.

ఇదే లెక్క ఫోకస్ లోతుకీ వర్తిస్తుంది. ఒక అంగుళం రకం సెన్సర్ మీద ఎఫ్ 1.8 పెడితే వచ్చే బ్యాక్‌గ్రౌండ్ బ్లర్, ఫుల్ ఫ్రేమ్ మీద సుమారు ఎఫ్ 5 దగ్గర వచ్చే బ్లర్. పోర్ట్రెయిట్‌లో వెనకదంతా కరిగిపోవాలంటే పెద్దదే తీయాలి. ముందు నుంచి చివరి దాకా అంతా స్పష్టంగా కావాలంటే కాంపాక్ట్‌లో ఎఫ్ 4 చాలు, అది పెద్దదాని ఎఫ్ 11తో సమానం. ఎఫ్ 5.6 దాటి మూయకండి, సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల ఫొటో మెత్తబడడం మొదలవుతుంది.

మూడో అడుగు: రెండు గడియారాలూ కలపండి

ఒక్క అడుగే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. కాంపాక్ట్‌ని నెలల తరబడి బ్యాటరీ అయిపోయిన స్థితిలో వదిలేస్తే లోపలి గడియారం మొదటికి పోతుంది. ఒకసారి నేను చూసుకోకుండా తేదీ ఏదో ఒకటి నొక్కేసి బయల్దేరాను, తిరిగొచ్చాక సమయం ప్రకారం వరుస పెడితే పొద్దుటి ఫొటోల మధ్యలో రాత్రి ఫొటోలు, నడకలో సగం లేని మనిషి అంతలోనే ప్రత్యక్షం. రెండు రోజులు కూర్చుని సరిచేశాను.

బయల్దేరే రోజు రెండు కెమెరాలనూ ఫోన్ గడియారానికి సెకన్లతో సహా కలపండి. చాలా కెమెరాలు తమ ఫోన్ యాప్‌కి కనెక్ట్ అయినప్పుడు సమయాన్ని అవే తీసుకుంటాయి, ఆ సెట్టింగ్ ఉందేమో చూడండి. వేరే దేశానికి వెళ్తుంటే టైమ్ జోన్ రెండింట్లోనూ మార్చండి, లేదా రెండింట్లోనూ వదిలేయండి. ఒకదాంట్లో మార్చి ఇంకోదాంట్లో మర్చిపోవడమే కొంప ముంచుతుంది. ఆ తర్వాత, ఇది అసలైన బీమా, సెకన్లు కనిపించే ఫోన్ గడియారాన్ని రెండు కెమెరాలతోనూ ఒక్కో ఫొటో తీయండి. తర్వాత ఎంత తేడా వచ్చినా ఆ రెండు ఫొటోలు చూసి సరిగ్గా ఎన్ని సెకన్లో చెప్పేయొచ్చు. ఎక్కువ రోజుల ప్రయాణమైతే మధ్యలో మరోసారి తీయండి, కెమెరా గడియారాలు మెల్లమెల్లగా పక్కకి జరుగుతుంటాయి.

నాలుగో అడుగు: చేతికి రెండూ ఒకేలా అనిపించాలి

మోడ్ రెండింట్లోనూ ఒకటే పెట్టండి. నేను అపర్చర్ ప్రయారిటీలో ఉంటాను, ఎఫ్ అంకె నేను పెడితే షటర్ వేగం కెమెరాయే చూసుకుంటుంది. ఆటో ఐఎస్ఓకి పైపరిమితి వేరువేరుగా, కాంపాక్ట్‌కి 1600, తప్పనప్పుడు 3200, పెద్దదానికి 6400. కనీస షటర్ స్పీడ్ మనుషుల కోసం సెకనులో 125వ వంతు. డయల్ తిప్పే దిక్కు రెండింట్లో ఎదురెదురుగా ఉంటే మెనూలో ఒకదాన్ని తిరగేయండి, చాలా కెమెరాల్లో వీలుంటుంది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, తొందరలో వెలుగు తగ్గించబోయి పెంచేయడం దీనివల్లే.

కాంపాక్ట్‌లో బీప్ ఆపండి, ఫోకస్ సాయానికి వెలిగే ఎర్ర లైటు ఆపండి. జూమ్ అడుగులు అడుగులుగా కదిలే స్టెప్ జూమ్ ఉంటే ఆన్ చేయండి, 28, 35, 50 దగ్గర ఆగుతుంది, చెయ్యి ఆ వెడల్పులకి అలవాటుపడుతుంది. కాంపాక్ట్ సెన్సర్ తెల్లటి భాగాలను తొందరగా పోగొట్టుకుంటుంది, ఎండలో మూడింట ఒక వంతు స్టాపు నుంచి మూడింట రెండు వంతుల వరకు తగ్గించి తీయడం మేలు. రా ప్లస్ జేపెగ్ రెండూ. కలర్ స్పేస్ రెండింట్లో ఎస్‌ఆర్‌జీబీ, పిక్చర్ స్టైల్ స్టాండర్డ్. ఒకదాంట్లో వివిడ్, ఇంకోదాంట్లో న్యూట్రల్ ఉంటే తెర మీద చూసుకునేటప్పుడే మనసు తప్పుదారి పడుతుంది. ఫ్రేము ఆకారం కూడా, ఒకటి 3:2, ఇంకోటి 4:3 అయితే ముందే ఒకదానికి కలిపేయండి.

ఇంకొకటి, దీన్ని మాత్రం తప్పకుండా ప్రయత్నించండి. ఒక అంగుళం రకం కాంపాక్ట్‌లో 28 ఎంఎం, ఎఫ్ 4 పెట్టి, మాన్యువల్ ఫోకస్‌ని రెండున్నర మీటర్ల దగ్గర ఆపేస్తే, సుమారు మీటరుంపావు నుంచి కనుచూపు మేర దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ కోసం ఆగే పనే లేదు, జేబులోంచి తీయడం, నొక్కడం. రికో జీఆర్‌లో దీనికోసమే స్నాప్ ఫోకస్ అని ఒక పద్ధతి ఉంది.

ఐదో అడుగు: ఎక్కడ పెట్టుకుంటారు

కాంపాక్ట్ బ్యాగులో ఉంటే లేనట్టే. పెద్దది ఒక భుజం నుంచి అడ్డంగా, కాంపాక్ట్ దానికి రెండో వైపు ముందు జేబులో గానీ నడుముకి చిన్న పౌచ్‌లో గానీ. రెండింటినీ మెడలో వేసుకోకండి, ఒకదానికొకటి కొట్టుకుంటాయి. కాంపాక్ట్‌కి మణికట్టు తాడు తప్పనిసరి. ఆ జేబులో తాళాలు, చిల్లర, రుమాలు ఏవీ వద్దు, లెన్స్ లోపలికి బయటికి కదిలేటప్పుడు నూలు పోగులూ దుమ్మూ లోపలికి లాగుతుంది, ఒకసారి లోపలికెళ్తే మనం తీయలేం.

చిన్న బాడీలో చిన్న బ్యాటరీ, కాబట్టి అదనంగా రెండు ఉంచుకోండి. విమానంలో అయితే విడి లిథియం బ్యాటరీలు చేతి బ్యాగులోనే వెళ్లాలి, లగేజీలో వేయకూడదు. రెండు కెమెరాలూ ఎస్‌డీ కార్డే వాడేవైతే మంచిది, అవసరానికి ఇటూ అటూ మార్చుకోవచ్చు, కానీ మార్చేముందు ఫొటోలు కాపీ చేసుకుని, ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ఆరో అడుగు: బయట, ఎప్పుడు ఏది

పెద్దదానికి ఏం ఇవ్వాలో మీకు తెలుసు: పరుగెత్తేవి, ఎగిరేవి, బాగా చీకటి, పెద్ద ప్రింటు. కాంపాక్ట్ గురించే ఎక్కువ చెప్పాలి.

అన్నిటికంటే ముందు మనుషులు. పెద్ద లెన్స్ ముఖానికి ఎదురుగా రాగానే చాలామంది బిగుసుకుపోతారు, పిల్లలు వెకిలి నవ్వు నవ్వుతారు, పెద్దవాళ్లు చీర కొంగో చొక్కా కాలరో సర్దుకుంటారు. అరచేతిలో పట్టే కెమెరా అయితే మాట్లాడుతూనే తీయొచ్చు, కళ్లు వాళ్ల వైపే ఉంటాయి. చాటుగా తీయమని కాదు, అడిగే తీయండి; అడిగాక కూడా వాళ్లు మామూలుగా ఉండగలగడమే దీని గొప్ప. మాగ్నమ్ ఫొటో ఏజెన్సీకి చెందిన ఫొటోగ్రాఫర్ అలెక్స్ మజోలి 2003 ఇరాక్ యుద్ధంతో సహా ఎంతో పనిని ఒలింపస్ కాంపాక్ట్ కెమెరాలతో చేశారు. నెమ్మదిగా పనిచేసే ఆనాటి చిన్న కెమెరాలతోనే అది సాధ్యమైంది.

రెండోది, మిట్టమధ్యాహ్నం ఫ్లాష్. ఇది పెద్ద కెమెరాకి నిజంగా చేతకాని చోటు. పెద్దదాని షటర్ సెన్సర్ ముందు తెరలా కదులుతుంది, అందుకే మామూలు ఫ్లాష్‌తో సెకనులో 160 నుంచి 250వ వంతు దగ్గరే ఆగాలి. చాలా కాంపాక్టుల్లో షటర్ లెన్స్ లోపలే ఉంటుంది, సెకనులో 1000వ వంతు దగ్గర కూడా ఫ్లాష్ కలుస్తుంది. సూర్యుడు వెనక ఉన్నప్పుడు మనిషికి మీటరున్నర దూరంలో నిలబడి, ఆకాశం సరిగ్గా వచ్చేలా వెలుగు తగ్గించి, ఆ బుల్లి ఫ్లాష్ వేయండి. ముఖం, ఆకాశం రెండూ నిలుస్తాయి.

మూడోది, చోటు వెతకడం. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు ట్రైపాడ్ దించకముందే కాంపాక్ట్ పట్టుకుని పది నిమిషాలు తిరగండి. కూర్చుని, వంగి, పక్కకి జరిగి తీసి చూడండి. నచ్చిన ఫ్రేము దొరికాక అదే ఫోకల్ లెంగ్త్‌కి సమానమైన లెన్స్ పెద్దదానికి పెట్టి అక్కడే దించండి. ఫిల్ముతో మీడియం ఫార్మాట్ (పెద్ద సైజు ఫిల్ము కెమెరా) వాడేవాళ్లకైతే ఇది ఇంకా పెద్ద వరం, ఫిల్ము ఐఎస్ఓనే కాంపాక్ట్‌లో పెట్టి ఎక్స్‌పోజర్ చూసుకోవచ్చు; పూర్వం స్టూడియోల్లో పోలరాయిడ్ తీసి చూసుకున్నట్టే.

ఇవి కాక దగ్గరి వస్తువులు. చాలా కాంపాక్టులు వెడల్పు వైపు ఐదు సెంటీమీటర్ల దూరం నుంచి కూడా ఫోకస్ చేస్తాయి, మాక్రో లెన్స్ మోయక్కర్లేదు. దారిలో బోర్డులు, పేర్లు, గుర్తుకోసం తీసే చిల్లర ఫొటోలు కూడా దీనికే ఇవ్వండి.

ఒక హెచ్చరిక. ఒకే దృశ్యాన్ని రెండింటితోనూ తీసే అలవాటు పడకండి. అది భద్రతలా అనిపిస్తుంది, తర్వాత ఏరుకునే పని రెట్టింపవుతుంది, చూసే కన్ను మాత్రం ఎక్కడా నిలవదు. ఒక్క మినహాయింపు ఉంది, అది కిందే.

ఏడో అడుగు: రంగులు కలపడం

ప్రతి కొత్త వెలుతురులో ఒక్కసారి, ఒకే చోట నిలబడి, రెండు కెమెరాలతోనూ ఒక గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) తీయండి. వీలైతే పక్కన ఒక మనిషి చెయ్యి కూడా ఫ్రేములో ఉండాలి. ఇదే ఆ మినహాయింపు. తెలుపుని తెలుపుగా చూపించే ఆటో వైట్ బ్యాలెన్స్ రెండు కంపెనీల్లో రెండు రకాలుగా ఆలోచిస్తుంది, ఒకే కంపెనీ అయినా మోడల్‌ని బట్టి మారుతుంది.

ఇంటికొచ్చాక ఆ రెండు ఫొటోలనూ తెర మీద పక్కపక్కన పెట్టండి. ముందు రెండింటికీ ఒకే ప్రొఫైల్ ఇవ్వండి, ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే అడోబ్ కలర్. తర్వాత గ్రే కార్డు మీద వైట్ బ్యాలెన్స్, ఆపైన వెలుగు, ఆపైన కాంట్రాస్ట్, చివరికే రంగు గాఢత. ఈ వరుస తప్పితే ఎంత తిప్పినా కుదరదు. ఆకాశం, ఆకులు కొంచెం తేడాగా ఉన్నా కన్ను ఊరుకుంటుంది, చర్మం రంగు తేడా వస్తే ఊరుకోదు, కాబట్టి చేతిని చూస్తూ సరిచేయండి. కుదిరిన సర్దుబాటుని ప్రీసెట్‌గా దాచి, ఆ వెలుతురులో తీసిన కాంపాక్ట్ ఫొటోలన్నిటికీ ఒకేసారి వేసేయండి.

అప్పటికీ పెద్దది మరీ నున్నగా, చిన్నది కొంచెం గరుకుగా కనిపిస్తే, చిన్నదాన్ని రుద్ది రుద్ది నున్నగా చేయకండి, ముఖాలు మైనంలా అయిపోతాయి. పెద్దదానికే కాసింత గ్రెయిన్ కలపండి. రెండూ ఒకే కాగితం మీద అచ్చయినట్టు కనిపిస్తాయి.

ఎనిమిదో అడుగు: ఫైళ్లు

మొదట సమయం సరిచేయాలి, తర్వాతే పేర్లు మార్చాలి. గడియారం ఫొటోలు రెండూ తెరిచి తేడా ఎంతో రాసుకోండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో కాంపాక్ట్ ఫొటోలన్నీ ఎంచుకుని ఎడిట్ క్యాప్చర్ టైమ్‌లోకి వెళ్తే, ఒక ఫొటో సమయం సరిచేయగానే మిగతావన్నీ అంతే తేడాతో జరుగుతాయి. ఉచితంగా కావాలంటే డిజీకామ్ ఉంది, కమాండ్లు రాయగలిగితే ఎక్జిఫ్‌టూల్ అన్నిటికంటే వేగం.

పేర్లకి తేదీ, సమయం, చివర ఏ కెమెరానో చెప్పే ఒక అక్షరం, అంతే. కెమెరాలు ఇచ్చే నంబర్లు 9999 దాటాక మళ్లీ మొదటికి వస్తాయి, రెండూ ఒకే కంపెనీవైతే ఒకే పేరుతో రెండు ఫైళ్లు తయారై, కాపీ చేసేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే పేర్లు మార్చేదాకా రెండు కార్డులనూ రెండు వేరు ఫోల్డర్లలోకే దించండి. వరుస కుదిరిందో లేదో ఒక చిన్న పరీక్ష: ఒకే సంఘటనని రెండు కెమెరాలూ చూసిన చోటు వెతకండి, తలుపు తెరుచుకోవడం, ఎవరో చెయ్యెత్తడం లాంటిది. అక్కడ ఫొటోలు సరైన క్రమంలో ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. ఆ తర్వాత ఇంకో డిస్క్‌లోకి రెండో కాపీ, ఆ కాపీ తెరిచి నాలుగు ఫొటోలు చూసుకున్నాకే కార్డులు ఫార్మాట్ చేయండి, కాంపాక్ట్ బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టండి.